తాళము తీయు విద్యను నేర్పవచ్చునా?

(మచిలీపట్టణమున గావించిన ధర్మసందేహ ప్రసంగము)



ఈ సప్తాహమున ధర్మసందేహములను చీటీలపై వ్రాసి యిమ్మని కోరియుంటిమి. వచ్చిన చీటీలలో శ్రాద్ధములను, మైలలను, గృహప్రవేశ ముహూర్తములను గూర్చినవే అధికము. వానికి నిన్నటితో సమాధానములు ముగిసినవి. ఇక మిగిలినది గుడివాడ నుండి వచ్చిన యొక చీటీ. దాని సారాంశమిది: "మా అబ్బాయి ఇంజనీరింగు చదువుచున్నాడు. పాత తాళంకప్పలను కొని తెచ్చుకొని, తాళపుచెవి లేకుండ సన్నని ఇనుపపుల్లలతో వానిని తీయుట నేర్చుకొన్నాడు. ఇతరుల తాళమును ముట్టడు, దొంగబుద్ధి లేదు, కేవలము సరదా. అయితే ఇప్పుడు నలుగురు స్నేహితులను కూర్చుండబెట్టి వారికిని నేర్పుచున్నాడు. అడిగిన వారికెల్ల చెప్పుదునని అనుచున్నాడు. రేపు ఎవడైన ఈ విద్యతో ఒక యింట దూరినచో ఆ పాపమున మావానికి పాలు కలదా?"

చీటీ చదువగనే సభలో ఒకరు, "దొంగవిద్య దొంగవిద్యయే, ఇందు విచారమేల?" అనినారు. అంత తేలికగా తీర్పు చెప్పుదమన్నచో మాకు మన గ్రంథములే అడ్డు వచ్చుచున్నవి.

శూద్రకుని మృచ్ఛకటికమున మూడవ అంకము చూడుడు. శర్విలకుడనువాడు చారుదత్తుని యింటికి కన్నము వేయ వచ్చును. పామరుడా? కాడు. చతుర్వేదియై ప్రతిగ్రహము పట్టని బ్రాహ్మణుని కుమారుడు. వసంతసేన యింట దాసిగానున్న మదనికను విడిపించుకొనుటకు ధనము కావలసి ఈ పనికి దిగినాడు. గోడ యెదుట నిలిచి శాస్త్రపాఠము వల్లించినట్లు వల్లించును. కాల్చిన యిటుకలైన ఊడబెరుకవలెను, పచ్చి యిటుకలైన కోయవలెను, మట్టియైన తడుపవలెను, కొయ్యయైన చీల్చవలెను అని నాలుగు ఉపాయములు. కన్నమునకు పద్మము, సూర్యుడు, బాలచంద్రుడు, స్వస్తికము, పూర్ణకుంభము మున్నగు ఏడు ఆకారములు. కొలతాడు మరచి వచ్చి జంధ్యముతోనే గోడను కొలుచును. తలుపుగడియ తీయుటకు గూడ ఆ జంధ్యమే పనికివచ్చునని మురిసికొనును. పనికి ముందు కుమారస్వామికి నమస్కరించును, ఏలనన దొంగలు తమ్ము స్కందపుత్రులమని చెప్పుకొందురు. మన మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుని సన్నిధిలో మ్రొక్కులు తీర్చుకొను తల్లులకు ఈ మాట వినుట కష్టముగా నుండవచ్చును. ఏమి చేయుదుము? ఆయన దేవసేనాపతి. కోటను కాచువానికి కోటలో నెక్కడ సందున్నదో తెలియకపోవునా?

దండి దశకుమారచరితమున అపహారవర్మ వద్దనున్న సామగ్రి యింకను వింత. పాముపడగవంటి మొనగల గునపము, పట్టకారు, కొయ్యతో చేసిన మనిషి తల, కొలతాడు, దీపపు పాత్ర, ఇంటివారి దీపములను ఆర్పుటకు పురుగులను నింపిన పెట్టె. ఈ కథను 13వ శతాబ్దమున కేతన తెనిగించి, సాక్షాత్తు తిక్కన సోమయాజికి అంకితమిచ్చినాడు. తిక్కనగారు దానిని స్వీకరించినారే గాని, దొంగల పనిముట్లన్నియు బయటపెట్టితివేమని కోపింపలేదు.

కాని కథలో చెప్పుట వేరు, చేతికి పుల్లనిచ్చి వ్రేళ్ళకు అలవాటు చేయించుట వేరు గదా యని మీరడుగవచ్చును. సరియైన ఆక్షేపణయే. అందుచేత కావ్యములను ప్రక్కనబెట్టి మీమాంసకు వత్తము.

శ్యేనయాగమని వేదమున నొక యాగము కలదు. శత్రువును చంపగోరువాడు చేయవలసినది. ఇది వినగానే మీకు కలుగు ప్రశ్నయే పూర్వము మీమాంసకులకును కలిగినది. హింస చేయరాదని చెప్పు వేదమే హింసకు ఉపాయమును ఏల చెప్పినది? జైమిని ధర్మమునకు లక్షణము చెప్పునపుడు అర్థమను పదమును చేర్చుట ఇట్టి అనర్థమును తొలగించుటకే యని శబరస్వామి వివరించినారు. తాత్పర్యమిది: వేదము చంపుమని విధింపలేదు. చంపగోరువాడొకడున్నచో వానికి సాధనమిది యని తెలిపినది. ఆ కోరిక వేదము పుట్టించినది కాదు. వాని మనస్సులో ముందే యున్నది. సాధనమును తెలుపుట వేరు, పనికి పురికొల్పుట వేరు.

కర్తకు, చేయించినవానికి, ప్రేరేపించినవానికి, మెచ్చుకొన్నవానికి పాపమున సమానభాగమని పెద్దలు చెప్పుదురు. గుడివాడ వారి భయము ఈ నలుగురిలో మూడవవానిని గూర్చినది. తాళమెట్లు పనిచేయునో చెప్పినంతమాత్రమున ప్రేరకుడు కాడు. కాని యెదుటివాని యుద్దేశము స్పష్టముగా తెలిసియుండియు, "పక్కింటి బీరువా తాళమెట్లు తీయవలెను?" అని యడిగినవానికి చెప్పినచో, అపుడు నిస్సందేహముగా ప్రేరకుడే. నాకేమి తెలియును, అడిగినాడు గనుక చెప్పితిని అనుట యమధర్మరాజు కొలువున చెల్లదు.

ఇంకొక విషయము. తైత్తిరీయారణ్యకమున ప్రవర్గ్యభాగమును మేము పాఠశాలలో తక్కిన పనసలవలె చదువలేదు. దానికి అవాంతరదీక్ష యని వ్రతము కలదు. ఊరి వెలుపల, ఊరిచూరు కానరాని చోట చెప్పవలెను. పూర్వులు ఆ విద్యను దాచివేయలేదు, బజారున అరవనూ లేదు. ఈ రెంటికిని నడుమ మూడవ దారి నొకదానిని చూపినారు. నియమమునకు కట్టుబడినవానికి, తగిన చోట, పూర్తిగా చెప్పుట ఆ దారి. ఇప్పుడు ఆరణ్యకము అచ్చుపడి పుస్తకాల దుకాణమున దొరకుచున్నది గదా యనినచో, నిజమే. పుస్తకము దొరకుటచేత వ్రతము పోలేదు. వ్రతము పుస్తకమునకు కాదు, చదువువానికి.

ఇక్కడ కొందరు రామానుజులవారిని ఉదాహరింతురు. తిరుక్కోష్టియూరు గురువుగారి వద్దకు పదునెనిమిది మారులు తిరిగి, రహస్యముగా ఉంచెదనని మాటయిచ్చి మంత్రార్థమును పొంది, మరునాడు గోపురమెక్కి అందరికి వినిపించిన మహనీయుడు ఆయన. విద్యను దాచుట లోభమని ఆ కథ చెప్పుచున్నదందురు. మేమును ఆ గాథకు చేతులు జోడింతుము. కాని జాగ్రత్తగా చూడుడు. అచ్చట గోపురమెక్కినవానికి నరకభయము, విన్నవారికి మోక్షము. కష్టము తనకు పెట్టుకొని ఫలమును పరులకిచ్చినాడు. తాళము తీయు విద్యలో సరదా చెప్పువానిది. నష్టము, సంభవించినచో, ఎక్కడనో తలుపు మూసికొని నిదురించు ముసలమ్మది. ఈ తేడా కనబడనివాడు గోపురమెక్కుటకు తగడు.

ఇక తాళము సంగతి. మన ఇండ్లలోని చాల తాళములలో చిన్న చిన్న మేకులుండును, లేదా పలుచని రేకులుండును. సరియైన చెవి పెట్టినపుడు అవి యన్నియు ఒక్క వరుసకు వచ్చి కడ్డీని వదలును. చేసిన పనిలో వెంట్రుకవాసి తేడాయున్నను అవి ఒక్కసారిగా గాక ఒకదాని తరువాత ఒకటిగా చిక్కును. పుల్లతో తీయువాని విద్యయంతయు ఆ తేడాలో నున్నది. కనుక తాళము తీయుట యనగా తాళము చేసినవాని పనిలోని లోపమును వ్రేలికొనతో చదువుటయే. చదువు వచ్చిన తరువాత చవకతాళమునకును మంచితాళమునకును భేదము తెలియును. తెలియనివానికి రెండును మెరయు ఇత్తడిముక్కలే.

ఆ లోపమును బయటపెట్టవచ్చునా యను వాదము మనకు క్రొత్తగాని లోకమునకు క్రొత్తది కాదు. 1818 లో ఇంగ్లాండున చబ్ అను వంశమువారు ఒక తాళము చేసిరి. దానిని తీసినచో క్షమాభిక్షయు నూరు పౌన్లును లభించునని, నావపై చెరలోనున్న ఒక తాళపుదొంగకు ఆశచూపి పరీక్షింపజేసిరి. వాడు నెలలు శ్రమించి తీయలేకపోయెను. బ్రామా అను మరియొక కంపెనీవారు తమ తాళమును తీసినవారికి 200 గినీలు ఇత్తుమని బల్లకట్టి లండనులో దుకాణపు కిటికీలో నుంచిరి. అరువది యేండ్లకు పైగా తీసినవాడు లేడు. 1851 లో లండను ప్రదర్శనకు వచ్చిన ఆల్ఫ్రెడ్ హాబ్స్ అను అమెరికా తాళములవాడు చబ్ వారి తాళమును సుమారు 25 నిమిషములలో తీసి మరల వేసినాడు. బ్రామా తాళమునకు 16 దినములలో 51 గంటలు పట్టినది. ఊరంతయు గగ్గోలు. పత్రికలలో, "ఇట్టివి బయట చెప్పవచ్చునా? దొంగలకు పాఠము చెప్పినట్లు గాదా?" అని పెద్ద చర్చ. హాబ్స్ పక్షమువారి సమాధానము: దొంగలకు మేము చెప్పునది యేమియు లేదు. వారికి మాకన్న ముందే తెలియును. తెలియనిది కొనువానికి మాత్రమే.

ఆ మాటలో ఎంత నిజమున్నదో మన కాలమున మరల తేలినది. సైకిళ్ళకు వేయు గుండ్రని తాళమొకటి అమెరికాలో క్రిప్టొనైట్ అను పేరుతో ప్రసిద్ధము. దానిని ఒక చవక కలము గొట్టముతో తీయవచ్చునని 1992 లోనే ఇంగ్లాండున ఒక పత్రికలో వచ్చినది. ఎవరికిని పట్టలేదు. పన్నెండేండ్లు గడచి, 2004 లో తీయు విధమంతయు చిత్రముగా లోకమునకు చేరగానే, కంపెనీవారు పాత తాళములు తీసికొని క్రొత్తవి ఉచితముగా ఇచ్చిరి. ఆ పన్నెండేండ్లు సైకిలు యజమాని తాళము వేసి నిశ్చింతగా నిదురించినాడు. తెలిసిన దొంగ నిదురించినాడా? రహస్యము ఎవరిని కాచినదో మీరే చెప్పుడు. 2003 లో మాట్ బ్లేజ్ అను పండితుడు, ఒకే చెవితో మేడలోని గదులన్నియు తెరచుకొను పద్ధతిలోని లోపమును ప్రకటించినపుడు తాళములవారు ఆగ్రహించిరి. కారణము అది అబద్ధమని కాదు, తమలో తాము చెప్పుకొను మాటను బయటపెట్టినాడని!

ఇది వినుచు మనవారు నవ్వుకొనవలసినది యొకటి కలదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున నాలుగవ అధికరణమున గూఢచారులు సిద్ధులవలె వచ్చి, తలుపులు తెరచు మంత్రము తమవద్ద కలదని దొంగలను ఆశపెట్టుదురు. ముందే కుదుర్చుకొన్న యిండ్లకు తీసికొనిపోయి మంత్రము చదువగనే తలుపులు తెరచుకొనును. లోపలనున్నవారు రాజుగారి మనుష్యులు గదా, తెరచుకొనక యేమి చేయును! దొంగలు నమ్మి చిక్కుదురు. తిరువనంతపురమున 2011 లో అనంతపద్మనాభుని నేలమాళిగలు తెరచినపుడు, తెరువని మాళిగను గూర్చి నాగబంధమంత్రమని లోకమున ఎంత ప్రచారమైనదో మీకు జ్ఞాపకముండును. తాళము రహస్యమైనకొలది దాని చుట్టు కట్టుకథలు పెరుగును.

ఇంతవరకు చెప్పినది చెప్పవచ్చునను పక్షమునకు బలము. కాని మాకు గొంతులో ముల్లువలె నిలిచిన విషయమొకటి మిగిలినది. లోపము ప్రకటితమైన తరువాత బ్యాంకులవారు తాళములు మార్చుకొందురు. కంపెనీవారు మార్చి యిత్తురు. దివిసీమలో పూరింటికి సంతలో కొన్న తాళంకప్ప వేసి వలపనికి పోవు గృహస్థు ఏమి చేయును? వానికి వార్త చేరదు, చేరినను మార్చుకొన స్థోమత లేదు. తెలివిగల దొంగకు తెలియుట వేరు, తిరుగుబోతు కుర్రవాడు కూడ నేర్చుకొనుట వేరు. లోపమును చాటుటకును, లోపము పూడుటకును నడుమ కొంతకాలముండును. ఆ నడిమికాలపు కష్టము బీదవానిపై పడును. హాబ్స్ వాదమున ఈ గృహస్థునకు చోటు లేదు.

1977 నవంబరు 19 నాటి ఉప్పెన తరువాత మేము కొందరితో కలిసి బియ్యము, బట్టలు తీసికొని అవనిగడ్డ ప్రాంతమునకు పోయితిమి. అప్పటికి మాకు ముప్పది యేండ్లు నిండలేదు. అచ్చట చూచిన సంగతులన్నియు సభలో చెప్పదగినవి కావు. మట్టిలో దొరికిన ట్రంకుపెట్టెలు కొన్ని యొక చోట పేర్చియుండిరి. ఉప్పునీటికి తాళములు బిగుసుకొనిపోయినవి, చెవులు సముద్రము పాలైనవి, కొన్నింటికి యజమానులే లేరు. తాళములు బాగుచేయు ముదుసలి యొకడు చెట్టుక్రింద కూర్చుండి వానిని తీయుచుండెను. పెట్టె నాదని వచ్చిన ప్రతివానిని, "లోపల నేమున్నదో ముందు చెప్పు నాయనా" అని యడుగుచుండెను. చెప్పిన పిమ్మట నలుగురిని పిలిచి వారి యెదుట తీయును. చెప్పినది ఉన్నచో పెట్టె వానిది. ఒకడు వెండిగిన్నెయని చెప్పగా లోపల పెండ్లిచీర, పసుపుకొమ్ములు కనబడినవి. ముదుసలి యేమియు అనలేదు, మూత వేసి పెట్టెను తన వెనుకకు జరుపుకొనెను. వానికి అక్షరములు వచ్చునో రావో మేమెరుగము. తాళము తీయు విద్యకు ధర్మశాస్త్రమెట్లుండునో ఆ చెట్టుక్రింద చూచితిమి. ఆ విద్య తెలిసినవాడు ఒక్కడైన లేకుండినచో ఆ పెట్టెలన్నియు గొడ్డళ్ళతో పగులవలసినదే. పూరీ జగన్నాథుని రత్నభాండారమున 2024 జూలై 14 నాడు లోగది తాళములకు చెవులు పట్టక, తుదకు కోసియే తీయవలసివచ్చినది గదా.

చట్టము కూడ ఈ దారినే నడచుచున్నది. 1860 నాటి శిక్షాస్మృతిగాని, 2024 జూలై 1 నుండి దాని స్థానమున వచ్చిన భారతీయ న్యాయ సంహితగాని హక్కులేని తలుపు తెరచుటను శిక్షించును. తాళము తత్త్వము తెలియుటను కాదు.

విదేశములలో దీనిని ఒక ఆటగా నడుపు సంఘములున్నవి. జర్మనీలోని హాంబర్గున 1997 లో అట్టి సంఘమేర్పడినది. తరువాత నెదర్లాండ్సున, అమెరికాలో వచ్చినవి. ఇట్టి సంఘములలో సాధారణముగా పాటింపబడు నియమములు రెండు: నీది కాని తాళమును యజమాని అనుమతి లేక ముట్టరాదు, వాడుకలోనున్న తాళమును, నీదైనను, తీయరాదు. రెండవదానికి కారణము, పుల్ల పెట్టినపుడు తాళము చెడవచ్చును, రాత్రివేళ ఇంటివారు బయట నిలువవలసివచ్చును. వేదాధ్యయనము చేసినవారమైన మాకు ఈ నియమములు చూడగానే అవాంతరదీక్షయే స్ఫురించినది. కాని ఇవి చాలవు. మేము మూడవదానిని చేర్చుదుము: తీయుట నేర్పినవాడు బిగించుట, బాగుచేయుట గూడ నేర్పవలెను. అశ్వత్థామకు బ్రహ్మాస్త్రమును వదలుట తెలియును, ఉపసంహరించుట తెలియదు. అర్జునుడు తన అస్త్రమును వెనుకకు తీసికొనగలిగెను, అశ్వత్థామది ఉత్తర గర్భముపై పడినది. మరియొక చిత్రము వినుడు. శర్విలకుడు కన్నము వేయుచు తన పనికి పూర్వాచారముగా చెప్పుకొన్నది ఈ అశ్వత్థామ రాత్రివేళ శిబిరమున దూరుటనే! సగము విద్య నేర్చినవానికి సగము నేర్చినవాడే ప్రమాణము.

నాల్గవది బీదవాని కొరకు. ఒక తాళమున లోపము కనిపెట్టినవాడు ముందు చేసినవానికి తెలుపవలెను, పూడ్చుకొనుటకు వ్యవధి ఈయవలెను, పిమ్మట కొనువారికి తెలుపవలెను. తీయు విధము నేర్పుట అన్నిటికన్న కడపటిది. చేసినవాడు విని ఊరకున్నచో దోషము వానిది. అపుడు చాటుట ధర్మమే. దొంగలు పడిన ఆరునెలలకు కుక్కలు మొరిగినట్లు చేయుటకంటె ముందుగా మొరగుటయే మేలు.

మన చిలకలపూడి రోల్డుగోల్డు పనినే చూడుడు. రాగిపై బంగారుపూత పూయు నేర్పును చీకటిలో వాడినచో మోసము. "ఇది రోల్డుగోల్డు" అని చెప్పి అమ్మినందుచేత వేలకుటుంబములకు అన్నము పెట్టినది. పని ఒక్కటే, చెప్పుటలోనే భేదము. పుల్లలు దాచుకొని అర్ధరాత్రి అభ్యసించు కుర్రవానిని చూచి మేము భయపడుదుము. వాకిట అరుగుపై నలుగురి యెదుట, పెద్దలు చూచుచుండగా నేర్పువానిని చూచి భయపడము.

కనుక చీటీ వ్రాసినవారికి మా సమాధానము: మీవాడు నేర్పవచ్చును, అరుగుమీద. నేర్చుకొనువారి తలిదండ్రులకు తెలిసి. ఇనుపపుల్లలతోబాటు నూనెచుక్క, ఆకురాయి గూడ చేతికిచ్చి. వీధిలో ఎవరి తాళము బలహీనమో ఎవరికిని చెప్పరాదు, ఆ ఇంటివారికి తప్ప. వచ్చిన కుర్రవానిలో బుద్ధి వక్రమని తోచినచో పాఠము ఆపవలెను. యాస్కుని నిరుక్తమున విద్యాదేవత బ్రాహ్మణుని వద్దకు వచ్చి, అసూయాపరునికి, వక్రబుద్ధికి, నియమములేనివానికి నన్నీయవలదని వేడుకొన్నది గదా. ఆ వేడుకోలు తాళపుపుల్లకును వర్తించును. పాపమున పాలు కలదా యని అడిగితిరి. ఈ నియమములు పాటించి చెప్పినవానికి లేదు. పాటింపనివానికి, దొంగతనము జరిగినను జరుగకున్నను, కలదని మా నిశ్చయము.

ఒక మాట ఈ ఆలయ ధర్మకర్తలతో. ఇక్కడి హుండీకి రెండు తాళములు, రెండు చెవులు వేర్వేరు చేతులలో నున్నవని విని సంతోషించితిమి. కాని ఆ తాళములు ఎప్పటివో, ఎంత గట్టివో ఎవరైన పరీక్షించిరా? హుండీ లెక్కింపునాడు, అధికారులు, భక్తులు చూచుచుండగా, ఖాళీ చేసిన పిదప, ఆ గుడివాడ కుర్రవానినే పిలిపించి రెండు తాళములను వాని చేతికీయుడు. తీసినచో మార్చుడు. వానికి శేషవస్త్రము కప్పుటకు మేము వత్తుము.